మొహం పాడుచేసే లైటు

జూన్ 4

మామయ్యా, నేనే. ఇది అక్క ఫోన్. అక్క ఇప్పుడు వాడట్లేదు, నాకిచ్చేసింది.

నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను మాట్లాడకుండా అమ్మకి ఇచ్చేశానని కోప్పడ్డావంట. కోపం వద్దు. ఫోన్లో నాకు మాట రాదు, నీకు తెలుసు కదా. రాయమంటే మెల్లగా రాస్తా. నాది ఏడో క్లాసు చదువు, తప్పులుంటే సర్దుకో.

విషయం ఏంటంటే స్టూడియోలో పని మానేశా. సారుతో పడలేదు. ఇంట్లోనే ముందు గదిలో ఫోటోలు తీద్దామని ఉంది. ఒక్కొక్క మనిషి మొహం, అంతే. పెళ్ళిళ్ళు అవీ కాదు, అంత మంది మధ్యలో నా వల్ల కాదు. నువ్వు బీరువా మీద వదిలేసి వెళ్ళిన పాత కెమెరా ఇంకా పనిచేస్తోంది. దుమ్ము తుడిచా.

గది ఇటు పదడుగులు, అటు పదకొండు. గోడలు ఆకుపచ్చ. వీధి వైపు ఒక కిటికీ. పైన ట్యూబ్‌లైటు, పక్క గోడకి బల్బు. నువ్వు ఇరవై ఏళ్ళ నుంచి నాటకాల వాళ్ళకి లైట్లు వేస్తున్నావు కదా, అందుకే నిన్ను అడుగుతున్నా. ఏ లైటు పెట్టాలి?

ఇంకోటి కూడా చెప్పు. ఏ లైటు పెడితే మొహం బాగా పాడవుతుంది? అంటే, అలా పెట్టకుండా ఉండటానికి.

అక్క బాగానే ఉంది. అమ్మకి కుట్టు షాపులో పని ఎక్కువగా ఉంది.

నీ అల్లుడు


జూన్ 4, సాయంత్రం

ఒరేయ్ నత్తా! నీకు నోట్లో నాలుక లేదనుకున్నా, వేళ్ళకుందన్నమాట! ఇంత పొడుగు మెసేజి నీ దగ్గర్నుంచి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. మా నాటకం వాళ్ళందరికీ చూపించా. మా రాజు వేషం ఆయన "కుర్రాడు డైలాగులు రాస్తాడా" అని అడిగాడు.

సారుతో పడలేదంటే ఏంట్రా? ఎవరితోనైనా పడకపోవాలంటే ముందు నోరు తెరవాలి కదా. నువ్వు నోరు తెరిచావా? ఏం జరిగిందో రాయి.

లైట్ల సంగతి. ఏం చెయ్యాలో తర్వాత, ఏం చెయ్యకూడదో ముందు విను. ట్యూబ్‌లైటూ బల్బూ కలిపి వేశావో, సగం మొహం పసుపు, సగం మొహం శవం. ఆకుపచ్చ గోడ పక్కన మనిషిని కూర్చోబెడితే ఆ రంగు బుగ్గల మీదకెక్కి మూడు రోజులు వాంతులైన వాడిలా కనపడతాడు. తెల్ల దుప్పటి కట్టు. చిన్న బల్బు దూరంగా పెడితే వెలుగు కత్తిలా పడుతుంది, ముడతలు లెక్కపెట్టుకోవచ్చు. అదే పెద్ద వెలుగు దగ్గరగా పెట్టావనుకో, అమ్మ చెయ్యి తగిలినట్టు మెత్తగా పడుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బొత్తిగా పక్కనుంచి పెట్టకు, ఆవగింజంత బొడిపె కొండంత నీడ వేస్తుంది. ఇక కింద నుంచి మాత్రం చచ్చినా పెట్టకు. మా నాటకంలో దయ్యానికి తప్ప నేను ఎవరికీ కింద నుంచి వెయ్యను.

నీకు ఇప్పుడు మొహం ఎవరిస్తారు ప్రాక్టీసుకి? బంగాళాదుంపని పెట్టుకో. దానికీ చర్మం ఉంది, గుంటలున్నాయి, మచ్చలున్నాయి. కదలదు, మాట్లాడదు. నీకు సరిజోడు.

దయ్యాలకి లైటేసే మీ మామయ్య


జూన్ 5 (పంపలేదు)

మామయ్యా, ఏం జరిగిందో రాయమన్నావు. రాస్తా, కానీ పంపను.

అక్కకి ఆసుపత్రిలో ఉద్యోగానికి ఫోటో కావాల్సొచ్చింది. లోపలికి వచ్చేవాళ్ళ పేర్లు రాసుకునే ఉద్యోగం. సారు "మన పిల్లాడి అక్కే కదా, నేనే తీస్తా" అన్నాడు. కుడి వైపు నుంచి ఒకటి తీసి ఇచ్చాడు, బాగుంది. తర్వాత "ఇటు తిరుగమ్మా, ఊరికే ఇంకోటి" అన్నాడు. ఇటు అంటే ఎడమ బుగ్గ. చిన్నప్పుడు వేడినీళ్ళు పడిన బుగ్గ.

వారం తర్వాత పొద్దున్నే షట్టర్ తీయడానికి వెళ్తే వీధిలోకి కనపడే అద్దాల పెట్టెలో అక్క ఉంది. రెండు ఫోటోలు, పెద్దవి. ఒకదాని కింద "ముందు", ఇంకోదాని కింద "తర్వాత". ముందు దాంట్లో ఆ మచ్చ అసలు కంటే మూడింతలు కనపడుతోంది. తర్వాత దాంట్లో బుగ్గ నున్నగా ప్లాస్టిక్ బొమ్మలా ఉంది.

అమ్మ వెళ్ళి అడిగింది. "తర్వాత ఫోటో చూడండమ్మా, ఎంత అందంగా చేశానో. న్యాయంగా మీరే నాకు థాంక్స్ చెప్పాలి" అన్నాడు. రసీదు వెనక సంతకం ఉందంట, ఫోటో ఎక్కడైనా పెట్టుకోవచ్చని. అది ఎవరు చదువుతారు?

ఇప్పుడు వీధిలో పిల్లలు అక్కని చూస్తే "ముందు అక్క వచ్చేసింది, తర్వాత అక్క ఎప్పుడొస్తుందో" అని పాడతారు. అక్క ఆ ఉద్యోగానికి వెళ్ళలేదు. వెనక సందులోంచి తప్ప బయటికి రాదు, అది కూడా చున్నీ చుట్టుకుని.

నేను ఆ రోజు ఏమీ అనలేదు. స్టూడియో ఊడ్చి, స్టాండ్లు తుడిచి, సాయంత్రం దాకా ఉండి వచ్చేశా. మళ్ళీ వెళ్ళలేదు. ఇంకో మాట ఉంది, అది ఇక్కడ కూడా రాయలేను.

సారు ఫోటోగ్రాఫర్ల సంఘానికి ప్రెసిడెంటు అవుతున్నాడు. సంఘం హాల్లో గోడకి పెట్టడానికి ఆయన ఫోటో కావాలి. ఎవరి ఫోటో వాళ్ళు తీసుకోలేరు కదా. ఎలాగైనా ఆయన్ని నా స్టూలు మీదకి రప్పిస్తా. నువ్వు వద్దన్నవన్నీ పెడతా. ఆకుపచ్చ గోడ, ట్యూబ్‌లైటు, దూరంగా చిన్న బల్బు, ఇంకోటి కింద నుంచి. ఆ మొహాన్ని వీధి గోడల నిండా అంటిస్తా.


జూన్ 9

మామయ్యా, దుంప ఫోటోలు పంపా. ఆరు ఉన్నాయి. నాలుగోది ఎలా ఉంది? బల్బుని మందుల అట్టపెట్టెలో పెట్టి కన్నం పొడిచా, వెలుగు సన్నగా రావడానికి. ఆ పెట్టె కింద పెట్టా.

ఇంకా ఏమైనా చెయ్యొచ్చా?

నీ అల్లుడు


జూన్ 10

ఒరేయ్, ఆ నాలుగో దుంపని చూసి నాకు రాత్రి అన్నం సహించలేదు. పుట్టెడు పాపం చేసిన దుంపలా ఉంది. నేను వద్దన్నవన్నీ ఏరుకుని మరీ చేశావేంట్రా? నేను రాసింది తలకిందులుగా పట్టుకుని చదివావా?

కానీ ఒక్కటి చెప్తా. అట్టపెట్టెకి కన్నం పొడవడం నీకు ఎవరూ నేర్పలేదు. మా దగ్గర నాలుగేళ్ళు చేసినవాడికి కూడా ఆ ఉపాయం తట్టదు. చెయ్యి మంచిది. బుద్ధే ఎటు పోతోందో అర్థం కావట్లేదు.

మీ అక్క ఉద్యోగం ఏమైంది? మీ అమ్మని అడిగితే మాట మార్చేసింది.

దుంపలకి న్యాయం కోరే మామయ్య


జూన్ 12

మామయ్యా, నేను సరిగ్గానే చదివా. నాకు అలాగే కావాలి.

ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన మొహంలో ఉన్నవన్నీ కనపడాలి. ముడతలు, కళ్ళ కింద సంచులు, అన్నీ. ఏమీ దాచకూడదు. దానికి ఏ బల్బు మంచిది? నీ దగ్గర పాతది ఏదైనా ఉంటే పంపు. చిన్నది.

అల్లుడు


జూన్ 13

హమ్మయ్య! ఇప్పుడు అర్థమైంది. ముసలి మొహాలు తీద్దామని ఉందా నీకు? అనుభవం అంతా ముడతల్లో కనపడేట్టు? ముందే చెప్పొచ్చు కదరా, నిన్ను అనవసరంగా తిట్టాను. నీ వయసు కుర్రాళ్ళు అమ్మాయిల వెనక కెమెరా పట్టుకుని తిరుగుతుంటే నువ్వు ఎవరో పెద్దాయన మొహంలో జీవితం వెతుకుతున్నావు. మా రాజు వేషం ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకి డెబ్బై ఏళ్ళు, తన ఫోటో కూడా తియ్యమన్నాడు.

అయితే విను. ముడతలు చూపించడం వేరు, మనిషిని అవమానించడం వేరు. వెలుగు ఒక్కటే, దాని వెనక ఉన్నవాడి ఉద్దేశం పడుతుంది మొహం మీద. నీకేం కావాలో నాకు తెలిసింది. పార్సిల్ పంపుతున్నా, వారంలో అందుతుంది. చూసుకో.

గర్వంతో లావెక్కిన మీ మామయ్య


జూన్ 20

మామయ్యా, పార్సిల్ వచ్చింది. నేను చిన్న బల్బు అడిగా. నువ్వు తెల్ల గొడుగు పంపావు. మా ఇంట్లో వాన పడట్లేదు.

కోపం కాదు. కానీ నేను చెప్పింది నువ్వు వినలేదు. తలుపు వెనక పెట్టా. అమ్మ దాని మీద జాకెట్టు గుడ్డలు ఆరేసింది.

ఇంకోటి. ఇవాళ సారు వాళ్ళావిడ మా ఇంటికి వచ్చింది. స్టూడియోకి ఆయన క్యారేజీ పంపేటప్పుడు నాకు కూడా ఒక గిన్నె పెట్టేది, ఆ ఆంటీ. "నువ్వు ఫోటోలు తీస్తున్నావంట కదా, నన్నొకటి తియ్యి" అంది. ముప్పై ఏళ్ళలో సారు ఊళ్ళో అందరినీ తీశాడు కానీ ఆవిణ్ణి ఒక్కటీ తియ్యలేదంట. అడిగితే "నిన్ను రోజూ చూస్తూనే ఉన్నాగా" అంటాడంట. ఆదివారం వస్తానంది. నేను తలూపా.

అల్లుడు


జూన్ 20 (పంపలేదు)

ఆయన రాలేదు, ఆవిడ వస్తోంది. ఇంకా మంచిది. ఆయన అక్కని పెట్టాడు, నేను ఆయన భార్యని పెడతా. అప్పుడు తెలుస్తుంది ఇంట్లో మనిషి మొహం వీధిలో పెడితే ఎలా ఉంటుందో. స్టూడియోకి ఎదురుగా టీ బండి వెనక గోడ ఖాళీగా ఉంది, కొలత చూసుకొచ్చా.

ఆవిడ నాకు గిన్నె పెట్టిన మాట నిజమే. ఆ గిన్నెలు కడిగి ఇచ్చేవాణ్ణి. సరిపోయింది.


జూన్ 22

ఒరేయ్. ఈసారి జోకులు లేవు.

మీ అమ్మ ఇవాళ ఫోన్ చేసి మొత్తం చెప్పింది. మొన్న నేను అడిగినప్పుడు చెప్పడానికి నోరు రాలేదంట. అద్దాల పెట్టె, ముందు, తర్వాత, పిల్లల పాట, అంతా. నేను లైట్ల పెట్టె మీద కూర్చుండిపోయాను. మీ అక్క పుట్టినప్పుడు మొదట ఎత్తుకుంది నేను.

తర్వాత నీ దుంప ఫోటో మళ్ళీ తీసి చూశాను. పెద్దాయన, ముడతలు, చిన్న బల్బు. ఇప్పుడు అర్థమైంది. నా చేత్తోనే కత్తి నూరించుకున్నావు కదరా, నేనేమో నువ్వు కళాకారుడివైపోయావని ఊరంతా చెప్పుకున్నాను.

రేపు ఆవిడ వస్తోంది. నువ్వేం చేద్దామనుకుంటున్నావో చెప్పక్కర్లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటారు దీన్ని. అయినా నేను నీతులు చెప్పను, నాకు రావు. నాకు వాడి మీద నీకంటే ఎక్కువ కోపంగా ఉంది. నేను పక్కన ఉంటే వాడి అద్దాల పెట్టెలో వాణ్ణే కూర్చోబెట్టి తాళం వేసేవాణ్ణి.

లైటువాడిగా ఒక్క మాట చెప్తా. నువ్వు ఆవిణ్ణి దయ్యంలా తీసి గోడకి అంటించావనుకో. వాడేం చేస్తాడు? ఏడుస్తాడా? ఆ ఫోటోని తెచ్చి అద్దంలో పెడతాడు. కింద "ముందు" అని రాస్తాడు. పక్కన తను తీసింది పెట్టి "తర్వాత" అంటాడు. ఇంటి దగ్గర తీయించుకుంటే ఇలా, మా దగ్గర అయితే ఇలా! నీ పగ వాడికి బోర్డు అవుతుంది.

ఫోటోలు తీసేవాణ్ణి ఏడిపించాలంటే ఒకటే దారి ఉంది. వాడు తియ్యలేనిది తియ్యాలి.

చూసిన వెంటనే జవాబు రాయి.

మామయ్య


జూన్ 23

మామయ్యా, నీ మెసేజి ఇప్పుడే చూశా. ఫోన్ నిన్నటి నుంచి అమ్మ దగ్గర ఉంది, షాపుకి తీసుకెళ్ళింది. ఆంటీ పొద్దున్నే వచ్చి వెళ్ళింది. ఫోటో తీసేశా.

మొత్తం రాస్తా. పంపకుండా దాచుకున్నవి రెండున్నాయి, అవి కూడా దీని కింద పెడుతున్నా, చదువు.

ఆంటీ నీలం చీర కట్టుకుని వచ్చింది. తల రెండుసార్లు దువ్వుకుంది. "పళ్ళు కనపడితే బాగుండదు కదా, నోరు మూసుకోనా?" అని అడిగింది. నేను మీ ఇష్టం అన్నా. ఆకుపచ్చ గోడ పక్కన కూర్చోబెట్టా, ట్యూబ్‌లైటు వేశా, అట్టపెట్టె బల్బు కింద పెట్టా. ఆవిడ పెట్టిన గిన్నె గుర్తొచ్చింది. అయినా తీశా.

"చూపించు" అంది. చూపించా. నీ దుంపే నయం మామయ్యా.

ఆంటీ చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు.

"కింద ఆ బల్బు ఎందుకు పెట్టావు?" అంది.

నేను అట్టపెట్టెని కాలితో పక్కకి నెట్టా.

"ముప్పై ఏళ్ళు ఫోటోలవాడితో కాపురం చేశాను బాబూ. లైటు ఎక్కడ పెడతారో నాకు తెలీదా? మీ అక్కకి కూడా ఇలాగే పెట్టాడా?"

అప్పుడు వచ్చేసింది మామయ్యా, ఎక్కడా రాయలేనన్న మాట. "లేదు ఆంటీ, పక్కనుంచి పెట్టించాడు. లైటు పట్టుకుంది నేనే" అన్నా. అవును. "ఇంకా పక్కకి, ఇంకా కిందకి" అంటుంటే అలాగే జరుపుకుంటూ పోయా. అక్క నన్ను చూసి నవ్వింది కూడా, తమ్ముడున్నాడు కదా అని. నీడ ఎలా పడుతోందో నాకు కనపడుతోంది. రెండేళ్ళు అదే పని చేశా కదా, కనపడకుండా ఎలా ఉంటుంది? అయినా నోరు లేవలేదు.

ఆంటీ స్టూలు దిగలేదు. "ఆ ఫోటోలు దించమని నేను మూడుసార్లు చెప్పాను ఆయనకి. నీకు వ్యాపారం తెలీదు, వంట చూసుకో అన్నాడు" అంది. కెమెరా నా చేతికిచ్చి, "ఇది చెరిపెయ్. ఇప్పుడు బాగా తియ్యి. ఎంత బాగా అంటే, ఆయనకి ముద్ద దిగకూడదు" అంది.

చాలా మెల్లగా అంది మామయ్యా. ఉప్పు తక్కువైంది అన్నట్టు అంది. నాకు భయమేసింది.

ట్యూబ్‌లైటు ఆర్పేశా. ఆకుపచ్చ గోడకి దుప్పటి కట్టా. జాకెట్టు గుడ్డలు తీసేసి నీ గొడుగు తెచ్చా. బల్బుని గొడుగులోకి తిప్పితే వెలుగంతా గొడుగంత అయిపోయింది, పెద్దగా. ఆవిడకి దగ్గరగా జరిపా, కొంచెం పైకి. ఒక వైపు బాగుంది, రెండో వైపు ఇంకా నల్లగా ఉంది. వెలుగుని అటు తిప్పి కొట్టడానికి అమ్మ పెట్టెలోంచి తెల్ల థర్మకోల్ అట్ట తీశా, కానీ అది పట్టుకుంటే కెమెరా ఎవరు పట్టుకుంటారు?

ఆంటీ లోపలి గది వైపు చూసి "అమ్మాయ్, ఇలా రా. మీ తమ్ముడికి రెండే చేతులున్నాయి" అంది.

అక్క రాలేదు. ఆంటీ మళ్ళీ పిలవలేదు, అలాగే కూర్చుంది. చాలాసేపటికి అక్క వచ్చింది. చున్నీతోనే వచ్చింది, అట్ట పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి, చున్నీ జారిపోయింది. ఆంటీ ఆ బుగ్గ వైపు మామూలుగా చూసి, ఇంట్లో ఎన్ని గంటలకి నీళ్ళొస్తాయని అడిగింది.

నేను తియ్యబోతుంటే అక్క "ఆగరా, కళ్ళల్లో చుక్క లేదు" అంది. నిజమే! గొడుగు కొంచెం దించితే ఆంటీ రెండు కళ్ళల్లో రెండు తెల్ల చుక్కలు పడ్డాయి. ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. నువ్వు నాకు చెప్పలేదు ఇది. అక్కకి ఎలా తెలుసో.

"నోరు మూసుకోనా?" అని ఆంటీ మళ్ళీ అడిగింది. అక్క "ఎందుకు, మీవి మంచి పళ్ళు, నావయితే మూసుకునేదాన్ని" అంది. ఆంటీ నవ్వింది. అప్పుడు తీశా.

పంపుతున్నా చూడు. ముడతలన్నీ ఉన్నాయి, ఒక్కటి కూడా తియ్యలేదు.

నీ గొడుగు మీద జోకు వేసినందుకు సారీ.

నత్త


జూన్ 24

చూశాను.

పొద్దున్నుంచి ఏం రాయాలో తెలీక తిరుగుతున్నాను. నువ్వు దాచుకున్న రెండూ చదివాను. పదహారేళ్ళ వాడివి, యజమాని చెప్పినట్టు చేశావు. మీ అక్కకి చెప్పావా లైటు పట్టుకున్న సంగతి అని అడగబోయి ఆగాను. ఎదురుగా కూర్చుంది కదా ఆ రోజు, తనకి తెలీదా!

ఆ మొదటి ఫోటో చెరిపావా? అది కార్డులో ఉన్నంతకాలం నీకు రోజూ దురద పెడుతుంది. నాకూ పెడుతోంది, నిజం చెప్పాలంటే.

ఆవిడ ఆ రెండోదాన్ని ఏం చేస్తుంది? ఇంట్లో పెట్టుకుంటే ముద్ద దిగనిది వాడొక్కడికే, ఊరికి తెలీదు. నాకు అంతతో చాలదు.

ఆగలేని మీ మామయ్య


జూలై 7

మామయ్యా, ఆలస్యమైంది. పని ఎక్కువైపోయింది, నిజంగా. చెప్తా.

మొదటిది చెరిపేశా. ఒక రోజు ఉంచుకున్నా. నువ్వు చెప్పిన "ముందు" మాట గుర్తొచ్చి చెరిపా, మంచితనం వల్ల కాదు.

ఆంటీ రెండోదాన్ని అడుగున్నర పొడుగు ప్రింట్ వేయించింది. కింద "తీసినది: ఎదురు సందు, కుట్టు ఆవిడ ఇల్లు" అని రాయించింది. గురువారం మధ్యాహ్నం సారు లోపలి గదిలో అన్నం తింటుంటే వచ్చి అద్దాల పెట్టె తాళం తీసింది. తాళం చెవి ఇంట్లో ఇంకోటి ఉంటుంది కదా. నేను ఎదుటి సెలూన్ తెర వెనక నిలబడి చూశా. అక్క ఫోటోలు రెండూ తీసి, వాటి మేకులకే తన ఫోటో తగిలించి, పైట చెంగుతో అద్దం తుడిచి, తాళం వేసింది. తర్వాత లోపలికి వెళ్ళి ఆయనకి మజ్జిగ పోసిందంట.

సారు చెయ్యి కడుక్కుని బయటికొచ్చాడు. చూశాడు. తియ్యబోయాడు. అప్పుడే ఇనప సామాన్ల కొట్టు ఆయన వచ్చి "ఏం తీశారు సారూ మేడమ్‌ని! ఇన్నేళ్ళకి దేవుడు బుద్ధి ఇచ్చాడు మీకు" అన్నాడు. తర్వాత సెలూన్ ఆయన వెళ్ళాడు. పాల కొట్టావిడ పిలవకుండానే వచ్చి నిలబడింది. కింద రాసింది చదివినవాళ్ళు ఆయన మొహం వైపు చూశారు, అంతే. అది ఇంకా బాగుంది. భార్య ఫోటోని అందరి ముందు ఎలా దించుతాడు? ఇప్పటికీ అక్కడే ఉంది. వచ్చినవాళ్ళందరూ "మేడమ్‌ని తీసినట్టు తియ్యండి" అంటున్నారంట. తియ్యలేక మా సందు వైపు చెయ్యి చూపించాల్సొస్తోందంట.

ఆంటీ అక్క ఫోటోలు పేపర్లో చుట్టి పంపింది. అక్క "తర్వాత" దాన్ని చింపేసింది. "ఇదెవరో నాకు తెలీదు" అంది. "ముందు" దాన్ని చింపలేదు. బీరువాలో బట్టల కింద పెట్టింది. ఆ ఆసుపత్రి ఉద్యోగం వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. పిల్లలు ఇంకా పాడుతున్నారు కానీ అక్క ముందు వీధిలోంచే వెళ్తోంది. నిన్న ఒకణ్ణి చెవి పట్టుకుని టీ బండి దాకా నడిపించింది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న సారు వచ్చాడు.

సంఘం వాళ్ళు ప్రెసిడెంటు ఫోటో కూడా ఇక్కడే తీయించమన్నారంట. ఆయన వేరేవాళ్ళతో తీయించుకుంటానంటే ఆంటీ "అయితే అద్దాల పెట్టెలో నా పక్కన పెట్టనివ్వను" అందంట. ఆయన వచ్చేసరికి మా ఇంట్లో నలుగురున్నారు. అక్క "కూర్చోండి సారూ, మీ ముందు నలుగురున్నారు" అని బయట బల్ల చూపించింది. గంటన్నర ఎండలో కూర్చున్నాడు. దారిలో వెళ్ళేవాళ్ళందరూ ఆగి "ఇదేంటి సారూ ఇక్కడ?" అని పలకరించారు. నేను లోపల పని తొందరగా చెయ్యొచ్చు. చెయ్యలేదు.

ఆయన లోపలికి రాగానే గొడుగు చూశాడు, దుప్పటి చూశాడు, అట్ట చూశాడు. "ఇంతేనా?" అన్నాడు. తర్వాత అట్ట పట్టుకున్న అక్కని చూశాడు. అక్క చున్నీ వేసుకోలేదు. ఆయనే కళ్ళు తిప్పుకున్నాడు.

కింద బల్బు పెట్టాలని నా చెయ్యి ఎంత లాగిందో నీకు చెప్పలేను. అట్టపెట్టె మూలనే ఉంది. అక్క కూడా ఒకసారి దాని వైపు చూసింది. పెట్టలేదు. ఆంటీకి పెట్టిన లైటే పెట్టా. కళ్ళల్లో చుక్క కూడా పడేట్టు చూశా. ఆయనలో ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. కళ్ళ కింద సంచులు, మెడ మీద మడతలు, ముక్కు పక్కన శనగగింజంత పులిపిరి. నేను ఏమీ పెంచలేదు, ఏమీ తగ్గించలేదు.

కెమెరాలో చూపించా. దగ్గరికి లాక్కుని చూశాడు. లైటుకి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"బాగానే ఉంది. ఈ పులిపిరి ఒక్కటి తీసెయ్యి. కళ్ళ కింద కూడా కొంచెం నున్నగా చెయ్యి" అన్నాడు.

రెండేళ్ళలో ఆయనకి ఎదురు ఒక్క మాట అనలేదు నేను. అయినా అన్నా.

"మేం మచ్చలు తియ్యం సారూ."

"ఏంటి?" అన్నాడు.

అక్క అట్ట కింద పెట్టి, బుగ్గ ఆయన వైపే తిప్పి నిలబడి, "గట్టిగా చెప్పరా, సారుకి వినపడలేదంట" అంది.

గట్టిగా చెప్పా. బయట బల్ల మీద వాళ్ళకి కూడా వినపడిందంట.

నీ నత్త